గాలయ్య దట్టీలోని వేరు

కల్వకుర్తి అంగట్లో గాలయ్య సైకిల్ కన్నా గాలయ్య నోరు ఎప్పుడూ నాలుగు గజాలు ముందే పోతుందని చెప్పుకునేవారు. అంతటి నోరు ఆ పొద్దున బాలనర్సమ్మ చాయ్ పాకలో చాలా కష్టపడవలసి వచ్చింది. పాకకు ఎదురుగా ధాన్యం తూచే కొట్టం ఉంది. ఆ కొట్టం గోడ పక్కన సున్నం బకెట్టు తయారుగా పెట్టి, అందులో కుంచె ముంచి, భిక్షం గొంతుక్కూర్చున్నాడు. దడువాయి సోమన్న ఒక్క మాట అంటే లేచి గోడ మీద ఉన్న గాలయ్య పేరు తుడిచేయాలని ఎదురు చూస్తున్నాడు.

దడువాయి అంటే అంగట్లో ధాన్యం తూచే పెద్దమనిషి. సోమన్న ముప్పై ఏళ్లుగా తూస్తున్నాడు. తరాజు ఎప్పుడూ భుజం మీదే ఉంటుంది. పిడికెడు జొన్నలు అటు కావు, ఇటు కావు. అలాంటి మనిషి ముందు కోతలు కోసి గట్టెక్కాలని గాలయ్య చూస్తున్నాడు.

ఏటేటా పల్లికాయల సీజను అయిపోగానే అంగడి సేట్లు సైకిల్ పందెం పెట్టేవారు. కల్వకుర్తిలో డప్పు కొడితే బయలుదేరి, మధ్యలో డిండి వాగు దాటి, అచ్చంపేట చేరాలి. గెలిచినవాడి తలకు ఎర్ర రుమాలు కట్టి, ఏడాది పొడుగునా సేట్ల చిట్టీలు ఊరూరికీ చేరవేసే పని ఇచ్చేవారు. కొట్టం గోడ మీద నిజాం సర్కారు లెక్కలో ఫసలీ సంవత్సరం వేసి, జాజు మట్టితో వాడి పేరు రాయించేవారు. పదమూడు వందల నలభై ఒకటి నుంచి యాభై ఒకటి దాకా, పదకొండేళ్లు, గోడ మీద ఒకటే పేరు ఎర్రగా మెరుస్తూ ఉంది.

పందేనికి ఒక కట్టుబాటు ఉంది. బయలుదేరే ముందు ప్రతివాడూ సోమన్న తరాజు మీద చెయ్యి పెట్టి, కల్లు గానీ గంజాయి గానీ నల్లమందు గానీ, ఏ మందూ ముట్టలేదని ప్రమాణం చేయాలి. గాలయ్య పందెంలో దిగకముందు ఒక ఏడు ఎవడో గంజాయి కలిపిన మాజూం తిని సైకిలెక్కి, అచ్చంపేట దోవ అనుకుని హైదరాబాదు దోవ పట్టాడు. వాణ్ణి మూడో నాడు వెతికి పట్టుకొచ్చాక పెట్టిన కట్టుబాటు అది. గాలయ్య పదకొండేళ్లూ తరాజు మీద చెయ్యి పెట్టాడు. పదకొండేళ్లూ గెలిచి వచ్చి, ఇదే పాకలో కూర్చుని, నడుముకు కట్టిన తన దట్టీలో నల్లమల వేరు ఒకటి ఉందని, అది ఉండగా తనని మించేవాడు పుట్టడని చెప్పాడు. అందరూ నవ్వి చాయ్ తాగి పోయారు.

అట్లాగే నడిచిపోయేది గానీ, నిరుడు గాలయ్య మూడోవాడిగా వచ్చాడు. ఈ ఏడు ఏడుగురిలో ఏడోవాడిగా వచ్చాడు. వచ్చేసరికి అచ్చంపేటలో రుమాలు కట్టడం అయిపోయి, బంతి భోజనాలు అయిపోయి, విస్తళ్లు ఎత్తేస్తున్నారు. ఇక మాట పుట్టింది. వేరు ఉన్నన్నాళ్లు గెలిచాడు, వేరు అయిపోయింది, గాలయ్యా అయిపోయాడు అన్నారు. ఈ ఏడు రుమాలు కట్టించుకున్న యాదయ్య, ఇరవై రెండేళ్ల పిల్లగాడు, మనసులో ఏమీ పెట్టుకోకుండానే సోమన్నను అడిగాడు: మందు తిని తొక్కినోడు తరాజు మీద చెయ్యి ఎట్ల పెట్టిండని. సోమన్న ఆ మాట పెద్దల ముందు పెట్టాడు. తరాజు మీద అబద్ధమాడినవాడికి అంగట్లో ఎవరూ చిట్టీ ముక్క కూడా చేతికివ్వరు. గాలయ్య పెళ్లాం అండాలు ముందు రోజు వచ్చి, దట్టీలో ఉండేది మా ఇంటి తిండేనయ్యా, వేరూ లేదు ఏమీ లేదు అని మొత్తుకుంది. ఏ పెళ్లాం మాత్రం మొగుణ్ణి పట్టిస్తుంది అన్నారు.

మందు తిన్నది నిజమని తేలితే పదకొండు పేర్లూ తుడిచేసి, ఏ ఏటికాఏడు రెండోవాడిగా వచ్చినవాడి పేరు రాయాలని పెద్దలు తీర్మానించారు. ఆ పదకొండేళ్లలో తొమ్మిదేళ్లు రెండోవాడు ఒక్కడే. వాడి పేరు ఇస్రాయేలు.

ఇస్రాయేలు పాక బయట బండ మీద కూర్చుని ఉన్నాడు. అతని గిలాస చూరులో వేరేగా ఉంటుంది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. అతని వాడ నుంచి ఆ గోడ ఎక్కిన పేరు ఇంతవరకు లేదు. పొద్దున బయలుదేరుతుంటే భార్య సాలమ్మ ఏమీ అడగలేదు. పండుగకు వేసుకునే అంగీ ఉతికి చేతికిచ్చింది, అంతే. గాలయ్య దట్టీలో ఏముండేదో ఈ లోకంలో గాలయ్యకు, అండాలుకు తెలుసు. మూడోవాడు ఇస్రాయేలు. ఎలా తెలుసో సాలమ్మకు చెప్పలేదు, ఆదివారం ప్రార్థన చేయించే అయ్యగారికీ చెప్పలేదు. ఇప్పుడు నోరు మూసుకుని చాయ్ తాగితే చాలు, తొమ్మిదిసార్లు తన పేరు గోడ మీదికి వస్తుంది. చాయ్ మాత్రం గిలాసలో తగ్గడం లేదు.

లోపల గాలయ్య మీసం దువ్వి మొదలుపెట్టాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, ఎండిన తుమ్మ కర్రలా ఉంటాడు. కింద కూర్చుంటే మోకాళ్లు టకటకమంటాయని బెంచీ మీదనే కూర్చున్నాడు.

"నేను అబద్ధం చెప్తే ఈ చాయ్ నాకు ఇసం గావాలె సోమన్నా. పందెంల దిగక ముందటి మాట, అచ్చంపేట అవుతల తునికాకు కంట్రాటుదారుకు చిట్టీ ఇచ్చి ఎన్కకు వస్తున్న, తొవ్వల ఒక చెంచు పెద్దమనిషి కాలు బెణికి కూసున్నడు, జర ఎక్కించుకో కొడుకా అన్నడు, ఎక్కించుకొని రెండు మైళ్లు తీస్కపోయి వాళ్ల గుడిసెల కాడ దింపిన, గింతే నేను చేసింది."

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. బాలనర్సమ్మ కూడా, గిదాంక నమ్మేటట్టే ఉన్నదన్నా అంది. గాలయ్య అలాంటి పని చేసే మనిషే. తోవలో ఎవరు చెయ్యెత్తినా సైకిల్ ఆపుతాడు.

ఆ పెద్దమనిషి దిగి, చెట్ల మధ్యకు పోయి, వేలెడంత వేరు తవ్వి తెచ్చి గాలయ్య చేతిలో పెట్టాడట. దీన్ని తినకు, తాగకు, ఉత్తగ దట్టీలో కట్టుకో అన్నాడట. ఇది చెప్పి గాలయ్య సోమన్న వైపు గెలిచినట్టు చూశాడు. కట్టుకున్నవాడు మందు తిన్నవాడు ఎట్లా అవుతాడని అతని లెక్క.

"నిరుడు గా మాట చెప్పలే. నమిలిన అన్నవ్" అన్నాడు సోమన్న.

గాలయ్య ఒక్క గుటక చాయ్ తాగేంత సేపు కూడా ఆలోచించలేదు. నమిలింది వేరును కాదట, వేరు మీది పొట్టునట. ఆ పొట్టు కూడా మింగలేదట, డిండి వాగులో ఉమ్మాడట. ఆ నీళ్లు తాగిన ఎద్దు ఒకటి ఆ ఏడు ఒక్కటే నాగలి లాగిందట, జోడెద్దు కూలికి పోయిందట.

"ఎద్దు కూలికి ఎట్ల పోతది?" అన్నాడు యాదయ్య.

"నువ్వు మొన్న పుట్టినవ్, నీకేమెర్క. ఇగ ఇను. మొదటి ఏడు డప్పు కొట్టిన్రు, నేను ఇట్ల పెడలు మీద కాలు పెట్టిన, అంతే, అచ్చంపేటల ఉన్న, సైకిలు దిగి, గోడకానిచ్చి, బీడీ ముట్టించుకొని రెండు దమ్ములు గుంజిన, ఎన్క ఏమైందో ఎర్కేనా? ఇక్కడ కొట్టిన డప్పు సప్పుడు గప్పుడొచ్చింది. నా పక్కపొంటే అడవిలకు పోయింది. దానికి ఎదురుబోయి, ఏమే, గింత ఆల్సెమైంది అని నేనే అడిగిన."

పాకంతా నవ్వింది. నవ్వుతుంటే గాలయ్యకు ఊపు వస్తుంది, అది అతని బలహీనత. రెండో ఏడు మోటారు బస్సును దాటాడు. దాటడమే కాదు, దాటినప్పుడు లేచిన గాలికి బస్సు తిరిగి హైదరాబాదు మొఖాన నిలబడిందట. లోపల ఉన్నవాళ్లు, ఇంకా ఊరు రాలేదేందని, మళ్లీ కిరాయి కట్టి కూర్చున్నారట. మూడో ఏడు అతని నీడ వెనకబడింది. గెలిచి రుమాలు కట్టించుకుంటుంటే కింద నీడ లేదు. సాయంత్రానికి గానీ అది రొప్పుకుంటూ రాలేదు. నాలుగో ఏడు పులి. నల్లమల పులి ఒకటి వెంటపడి, నాలుగు మైళ్లు ఉరికి, ఉరకలేక నాలుక బయటపెట్టి కూలబడితే, గాలయ్యకు జాలి కలిగి వెనక క్యారేజీ మీద ఎక్కించుకున్నాడు.

"పులి బరువుకు టైరు పలుగలేదా?" అని బాలనర్సమ్మ అడిగింది.

"అదేనక్కా నేను చెప్పబోతున్నది. టైరెందుకు పలుగుతది, టైరులనే గద వేరున్నది. నేను దట్టీల కట్టుకున్న అన్నది ఎవనికీ దొరకొద్దని అన్న మాట. అసలుకు వేరును టైరుల కుక్కిన. ఇగ చెప్పు సోమన్నా, నేను తిన్ననా? నేను తినలే. సైకిలు తిన్నది. సైకిలుకు ప్రమాణం ఉన్నదా?"

సోమన్న తరాజును ఒళ్లోకి తీసుకుని గొలుసు సరిచేశాడు. ఆయన నవ్వలేదు. "అట్లయితే గెలిచింది గూడ సైకిలే. పదకొండు జాగలల్ల సైకిలు పేరు రాపిస్త. నీ పేరు తుడుస్త" అన్నాడు.

గాలయ్య నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. చెప్పే ప్రతి కోతా తనకే చుట్టుకుంటోందని అతనికి అప్పుడప్పుడే తెలుస్తూ ఉంది. బయట బండ మీద ఇస్రాయేలుకు అది ముందే తెలిసిపోయింది. ఈ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు, ఒక్క నిజం మాత్రం ఇన్నేళ్లు ఎట్లా నానుతోందని అతనికి కోపమూ వచ్చింది, ప్రేమా వచ్చింది. తొమ్మిదేళ్లు వెనక నుంచి ఆ వీపునే చూశాడు. చెమటతో తడిసి అంగీ అంటుకుపోయిన వీపు. ఎత్తు ఎక్కేటప్పుడు కుడి భుజం కాస్త కిందికి వంగుతుంది. దాన్ని ఎట్లా అందుకోవాలన్నదే అతని సగం జీవితం.

అప్పుడు గాలయ్య గొంతు మారింది. చేతులు ఊపడం మానేసి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"గివన్నీ పోనీయున్రి. ఒక్క మాట చెప్త. ఫసలీ నలభై ఆరుల వానలు లేటుగ పడి డిండి వాగు రొమ్ముల దాంక వచ్చింది, యాదికున్నదా? సైకిలు నెత్తి మీద పెట్టుకొని దాటాలె. బట్టలు, దట్టీ గట్టు మీద పెట్టి, ముందుగాల సైకిలు అవుతల దించి, మల్ల ఇవుతలకొచ్చి బట్టలు తీస్కపోయిన. హాజీపూరు దాటినంక నోరెండి దట్టీల చెయ్యి పెట్టిన. రాళ్లు. మూటల ఉన్నదంత రాళ్లయింది సోమన్నా. దేవుడు నా మాట ఇన్నడో, నా మీద కోపానికొచ్చిండో తెల్వలే. ఒక రాయి బుగ్గల పెట్టుకొని తొక్కిన, గెలిచిన. గిది మాత్రం నిజం."

ఆ పొద్దున వచ్చిన నవ్వులన్నిటిలో పెద్ద నవ్వు దానికే వచ్చింది. బాలనర్సమ్మ చేతిలో చాయ్ ఒలికింది. వేరు రాయి కావడం పులి సైకిలెక్కడం కన్నా బాగుందని ఎవరో అన్నారు. గాలయ్య మాత్రం నవ్వలేదు. బయట ఇస్రాయేలుకు పొలమారింది. చాలాసేపు దగ్గాడు.

నవ్వు తగ్గాక సోమన్న అడిగాడు, మరి ఇప్పుడు ఆ వేరు ఏదని. లేదన్నాడు గాలయ్య. ఎండి పొడి అయిపోయింది, ఇచ్చిన పెద్దమనిషి అడవి లోపలికి వెళ్లిపోయాడు, ఎక్కడని వెతకాలి అన్నాడు. "అది ఉంటెనా, ఈ యాదయ్య లెక్క పదిమందిని ఇయ్యాల గూడ ఎనుకేసి పోతుంటి" అని తొడ మీద చరుచుకున్నాడు. చరిచిన చెయ్యి మెల్లగా జారి మోకాలి మీద ఆగింది, ఎవరూ చూడనట్టు మోకాలిని పిసుకుతూ ఉంది.

ఇస్రాయేలు చూశాడు. తన మోకాలు కూడా సరిగ్గా అక్కడే, ఆ చిప్ప కిందనే నొస్తుంది. ఈ మనిషి వేరును ఎందుకు వదలడం లేదో అతనికి అప్పుడు అర్థమైంది. వేరు అయిపోయి ఓడిపోతే అది వేరు తప్పు. అసలు వేరన్నదే లేకపోతే, ఇక ఓడిపోవడానికి మిగిలిన కారణం ముసలితనం ఒక్కటే. మందు తిన్నవాడన్నా పడతాడు గానీ ముసలివాడంటే పడలేడు. అందుకే పదకొండు పేర్లు పోగొట్టుకోవడానికి కూర్చున్నాడు.

"అంటే వేరుంటే గెలుస్తవు, లేకుంటే ఓడుతవు. నీ నోటితోనే చెప్పినవ్" అన్నాడు సోమన్న.

"అవు మరి" అన్నాడు గాలయ్య. అన్నాక గానీ తను ఏమన్నాడో అతనికి తెలియలేదు.

సోమన్న లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో సంతోషమేమీ లేదు. పదకొండేళ్లూ ఆ రుమాలు తన చేత్తోనే కట్టాడు. "భిక్షం, లే" అన్నాడు. భిక్షం కుంచె తీశాడు. సున్నం బొట్లుబొట్లుగా కారుతూ గోడ దాకా పోయింది. యాదయ్య తల దించుకున్నాడు. గాలయ్య బెంచీ మీద నుంచి సగం లేచి, పులినో నీడనో దేన్నో ఒకదాన్ని పిలుద్దామన్నట్టు చూశాడు గానీ ఏదీ రాలేదు.

ఇస్రాయేలు గిలాస కింద పెట్టాడు. "దడువాయీ, జర ఆగు" అన్నాడు.

ఆ అంగట్లో అతను గట్టిగా మాట్లాడటం ఎవరూ ఎరగరు. అందరూ బయటికి చూశారు. కుంచె గోడకు జానెడు దూరంలో ఆగింది.

ఏందని సోమన్న అడిగితే, ముందు తరాజు ఇమ్మన్నాడు. పందెం పొద్దున తప్ప అతను ఆ తరాజును ముట్టింది లేదు. సోమన్న ఒక క్షణం చూసి, పాక బయటికి వచ్చి, తరాజు ముందుకు పట్టాడు. ఇస్రాయేలు ఇత్తడి పళ్లెం మీద అరచెయ్యి పెట్టాడు. ఆ బరువుకు రెండో పళ్లెం పైకి లేచింది.

"ఆ రాళ్లు నేను పెట్టిన."

ఎవరికీ అర్థం కాలేదు. ఇస్రాయేలు నేల చూస్తూ చెప్పాడు. అప్పటికి వరసగా ఐదేళ్లు రెండోవాడిగా వచ్చాడు. ఎంత తొక్కినా ఆ వీపు అందేది కాదు. గాలయ్య వేరు కథలు అందరూ నవ్వుతూ విన్నారు, తను మాత్రం నమ్మాడు. నలభై ఆరులో తను వాగు దగ్గరికి వచ్చేసరికి గాలయ్య నెత్తిన సైకిల్ పెట్టుకుని, వీపు ఇటు చేసి, నీళ్ల మధ్యలో ఉన్నాడు. గట్టు మీద దట్టీ కనిపించింది. సొంత తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచినట్టు ఆ దట్టీ పిలిచిందన్నాడు.

"మూట ఇప్పిన. గుప్పెడు నోట్లేసుకున్న. పంటి కింద పడంగనే ఎర్కైంది. చింతగింజలు. పెంక మీద ఏంచి, నానబెట్టి, పొట్టు దీసినయి. కరువుల మా అవ్వ మాకు అవే పెట్టి పెంచింది, ఆ రుచి నాకు తెల్వదా? గిన్నేండ్లు నేను దేవుని లెక్క చూసిన మనిషి, మా ఇంట్ల తినేదే తిని తొక్కుతున్నడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతోని అన్ని తినేసిన. మూట అల్కగైతదని వాగుల రాళ్లేసి కట్టిన."

ఇస్రాయేలు సోమన్న ముఖంలోకి చూశాడు.

"ఆ ఏడు గాలన్న దట్టీల ఒక్క గింజ లేదు దడువాయీ. ఉత్త రాళ్లతోని తొక్కి గెలిచిండు. అన్ని గింజలు తిన్న నేను కడుపునొచ్చి నాలుగోన్నై వచ్చిన. వేరు లేదు. ఎన్నడు లేకుండె."

సోమన్న తరాజు కేసి చూశాడు. ముప్పై ఏళ్ల దడువాయితనంలో ఇంత సరిగ్గా తూగిన సాక్ష్యం ఆయన చూడలేదు. తొమ్మిది పేర్లు ఒక పళ్లెంలో వదిలేసి, దొంగతనం నెత్తిన వేసుకుని చెప్తున్నాడు. "మందనుకునే తిన్నవ్ గద నువ్వు" అన్నాడు ఆయన.

"అనుకునే తిన్న."

"తుడువనీకె గోడ మీద నీ పేరు గూడ లేదు. ఏం చెయ్యాలె నిన్ను" అని సోమన్న తల పట్టుకున్నాడు. ఉతికిన అంగీ వేసుకొచ్చినందుకు ఇస్రాయేలుకు సిగ్గుగా ఉంది.

అప్పుడు అందరూ గాలయ్య వైపు తిరిగారు. బతికిపోయినవాడు ఎగిరి గంతేస్తాడనుకున్నారు. గాలయ్య ముఖం ఇల్లు కూలినవాడి ముఖంలా ఉంది. దట్టీ కొంగు ముడి విప్పి, చింతగింజంత నున్నటి నల్లరాయి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఏడేళ్లుగా అది అక్కడే ఉంది.

"నేను చెప్పేటియన్ని కోతలే అని నాకు ఎర్క రా ఇస్రాయేలూ" అన్నాడు. "గీ ఒక్కటి నిజంగ అయిందనుకున్న. గింజలు రాళ్లయినయంటే, నాల ఏమో ఉన్నదనుకున్న."

ఇస్రాయేలుకు కళ్లు చెమర్చాయి. "నిజంగనే అయింది గద అన్నా. రాళ్లతోని గెలిచినవ్ గద" అన్నాడు.

సోమన్న తరాజు తీసుకుపోయి గాలయ్య ముందు పట్టాడు. చెయ్యి పెట్టి చెప్పమన్నాడు. గాలయ్య పెట్టాడు. చింతగింజలే అన్నాడు. మరి వేరని ఎందుకు చెప్పావని సోమన్న అడిగితే, మొదటి ఏడు గెలిచినప్పుడు సేట్లంతా చుట్టూ నిలబడి, ఏం నములుతున్నవ్ గాలయ్యా అని అడిగారని, పట్టు రుమాళ్ల మధ్య నిలబడి చింతగింజలని చెప్పడానికి నోరు రాలేదని, ఒకసారి వేరన్నాక ప్రతి ఏడూ అది పెరుగుతూ పోయిందని చెప్పాడు. ఇదంతా ఒక్క పొల్లు మాట లేకుండా చెప్పడం చూసి బాలనర్సమ్మకు భయం వేసింది, జ్వరం గానీ వచ్చిందేమోనని.

"మరి ఈ ఏడు ఏడోనివై ఎందుకొచ్చినవ్?" అని సోమన్న ఆఖరి మాట అడిగాడు.

అందరూ కాస్త ముందుకు వంగారు. బాలనర్సమ్మ చాయ్ పోయడం ఆపింది. శ్రీశైలం వైపు నుంచి ఎదురుగాలో, ఎలుగుబంటో, మళ్లీ అదే పులో వస్తుందని చూశారు. గాలయ్య తరాజు పళ్లెం మీద ఉన్న తన చెయ్యి చూసుకున్నాడు.

"నలభై తొమ్మిదేండ్లు నిండినయి సోమన్నా. మోకాళ్లు నొస్తున్నయి" అన్నాడు.

అంతే. ఇంకేమీ రాలేదు. సోమన్న తరాజు భుజం మీద వేసుకుని, గొంతు సవరించుకుని, కలిపిన సున్నం పారబోయొద్దు, బాలనర్సమ్మ పొయ్యి వెనక గోడ మసిబారింది, దానికి కొట్టు పో అని భిక్షానికి చెప్పాడు. యాదయ్య లేచి వచ్చి గాలయ్య కాళ్ల దగ్గర కూర్చుని, ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి ఎట్లా పట్టాలి మామా అని అడిగాడు. రేపు చెప్తానన్నాడు గాలయ్య. అతను రేపటికి వాయిదా వేసిన మొదటి కథ అదే.

తన గిలాస పట్టుకుని గాలయ్య పాక బయటికి వచ్చాడు. బండ మీద ఇస్రాయేలు పక్కన మోకాళ్లు టకటకమనిపిస్తూ కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద పదకొండు పేర్లు ఎండలో ఎర్రగా ఉన్నాయి. చాయ్ చల్లారిపోయింది.

"గింజలు ఎట్లుండె రా?" అన్నాడు గాలయ్య చివరికి.

ఇస్రాయేలు ఏడేళ్ల కిందటి రుచిని నాలుక మీద వెతుక్కున్నాడు. "చెప్తే ఏమన్న అనుకుంటవో ఏమో అన్నా. ఉప్పు జాస్తుండె."

గాలయ్య గిలాస పక్కన పెట్టి, అతని చెయ్యి పట్టుకుని లేపాడు. "నడువు. ఇంటికొచ్చి గా మాట అండాలుకు చెప్పు. ఇరవై ఏండ్ల సంది చెప్తున్న, నేను చెప్తే నమ్మది."